ఎవరికీ అక్కర్లేని ప్యాకేజీ

ఒక్క వెబ్‌సైటుకి, ఎవరెవరో రాసిపెట్టిన తొమ్మిది వందల కోడ్ ప్యాకేజీలు. పాత సీనియర్ పోతూ పోతూ ఈ చెత్తంతా తన నెత్తిన రుద్దిపోయాడని, ఆ రాత్రి ఆఫీసులో ఒంటరిగా కూర్చున్న కొత్త ప్రోగ్రామర్‌కి ఒళ్లు మండిపోతోంది.

అందులో ఒకదాన్ని ఏ ఫైలూ వాడటం లేదు. దాని పనల్లా, కోడంతా కలిపి సైటుని తయారుచేసే బిల్డ్ పూర్తయిన ప్రతిసారీ స్క్రీన్ మీద ‘తలుపు వేసే ఉంది’ అని చూపించడమే.

టీమ్ లీడ్‌కి ఫోన్ చేశాడు. “అక్కా, ఈ తలుపు గోలేంటి? తీసి పారేస్తున్నా.”

“దాని జోలికి పోకు. ఆ సీనియర్ ఎందుకు పెట్టాడో మాకూ తెలీదు. ఆయన మాత్రం రాత్రిళ్లు గంటగంటకీ బిల్డ్ నడిపేవాడు.”

“పని రానివాడికి అదే పని” అని ఫోన్ పెట్టేశాడు.

ప్యాకేజీ తీసేసి బిల్డ్ నడిపాడు. ఒక్క తప్పూ రాలేదు. పైగా మూడు సెకన్లు ముందే అయిపోయింది. దీనికా ఇన్నేళ్లు భయపడి చచ్చారు దద్దమ్మలు, అనుకుంటూ వెనక్కి వాలాడు.

గదికున్న ఒకే ఒక్క తలుపు ఎదురుగా మూసే ఉంది. వెనక ఉన్నది ఉత్త గోడ.

ఆ గోడ దగ్గర మెల్లగా కిర్రుమంది.

అతను వెనక్కి తిరగలేదు. ఆ ప్యాకేజీని మళ్లీ తెప్పించమని టైప్ చేశాడు.

అలాంటిదేదీ ఎప్పుడూ లేదని స్క్రీన్ మీద జవాబొచ్చింది.