వట్టి చేతుల వాసన

సింహాద్రిపురం పక్క వేరుశనగ చేలో పొద్దు మునిగేసరికి దాసయ్య ఒళ్లు హూనమైంది. పోయిన నెల ఎన్నికల గొడవలో తమ్ముడు దేవపాలును అవతలి పార్టీవాళ్లు నరికి చంపాక చేను పనీ, రాత్రి కాపలా ఒక్కడి మీదే పడ్డాయి.

చేలో పురుగులు పట్టే బుట్టల్లో ఆఖరిదానికి కొత్త ఎర కట్టాడు. ఆడపురుగు వాసన పట్టించిన చిన్న రబ్బరు బిళ్ల అది. మగ రెక్కల పురుగులు ఎంత దూరంలో ఉన్నా దాన్ని పసిగట్టి వచ్చి బుట్టలో పడతాయి.

"వట్టి చేత్తో ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పాల? నీ తమ్ముడూ అంతే. ఎంత కడిగినా ఆ వాసన పోదు," అంది సంగటి తెచ్చిన భార్య సారమ్మ.

"చేతులకు కవరు తొడుక్కునే ఓపిక యాడుంది?"

చీకటి పడగానే పురుగులు వచ్చి అతని వేళ్లనిండా వాలాయి. దులపలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఉన్నట్టుండి అవన్నీ లేచిపోయాయి. బుట్ట వైపు పోలేదు. దూరంగా గట్టు మీద, మనిషి చేతులు వేలాడే ఎత్తులో, రెండు గుంపులుగా ముసురుకున్నాయి. మధ్యలో ఎవరూ లేరు. ఆ గుంపులు ముందుకూ వెనక్కూ ఊగుతూ, మెల్లగా ఇటే వస్తున్నాయి.

సారమ్మ అతని భుజం గట్టిగా పట్టుకుంది.

దాసయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు.

"శానా అలసటగా ఉందిరా. రోంత సేపు కాపలా నువ్వుండు."