పోయిన నాయనమ్మ డాన్సు

ప్రివ్యూ షోలో సినిమా అయిపోయి లైట్లు వెలగగానే రచయిత్రి దర్శకుడి మీద విరుచుకుపడింది.

“నా కథలో నాయనమ్మ మనవరాలి పెళ్ళికి ముందే పోతుంది. మీ సినిమాలో ఆ పెళ్ళిలోనే డాన్సు చేస్తోంది!”

దర్శకుడు నాలుక కరుచుకున్నాడు. “సీన్లు ముందూవెనకా అయ్యాయి మేడమ్. పెళ్ళి సీన్లోంచి ఆవిడని తీసేస్తాను.”

“ఉండు బాబూ,” అంది పక్క సీట్లోంచి రచయిత్రి నాయనమ్మ, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ. “అది నా మీద రాసిన కథే. అచ్చయినప్పుడే చదివాను. దీనికింకా పెళ్ళే కాలేదు, నన్నప్పుడే పైకి పంపేసింది. నువ్వే నయం, పెళ్ళి చూపించావు.”

నాయనమ్మ ఆ కథ చదివిందని రచయిత్రికి ఇప్పటిదాకా తెలియదు. ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత ఆమెకూ నవ్వు ఆగలేదు.

“తీసెయ్యకండి సార్. తప్పు నా కథలోనే ఉంది.”

“అయితే పెళ్ళెప్పుడో కూడా చెప్పవే,” అంది నాయనమ్మ.