వెనక ఒక్కడూ లేని పందెం

పేడపురుగుల పందేల్లో ఒకప్పుడు నేను ఉండ దొర్లిస్తే భూమి అదిరేది, పాముపుట్టలు కూలేవి. పిల్లలు పుట్టాక మానేశాను, నడుం లావెక్కింది. ఈ తొలకరికి మళ్ళీ బరిలో దిగాను.

“బాబాయ్, గట్టెక్కేలోపు ఉండ వదిలేస్తే ఇక జన్మలో పందెం లేదు, తెలుసుగా?” అన్నాడో కుర్ర పురుగు.

“ఆ నియమం మీ తాతకి నేర్పింది నేనేరా,” అన్నాను.

మేం ఉండను వెనక కాళ్ళతో నెడుతూ వెనక్కి నడుస్తాం. ముందున్నవాళ్ళు కనపడరు, వెనకబడ్డవాళ్ళే కనపడతారు. సగం గట్టెక్కి చూస్తే దారంతా ఖాళీ. పాపం, అందరినీ అంత దూరం వదిలేశానా అని జాలేసింది. కాళ్ళు పట్టేశాయి. కొండంత ఉండ రెండుసార్లు నా మీదికే జారింది. అయినా వదల్లేదు.

గట్టు మీద తీర్పు చెప్పే నత్తమ్మ ఒక్కతే ఉంది.

“ఓడినవాళ్ళింకా రాలేదేం?” అన్నాను.

“అందరూ ఎప్పుడో వచ్చి ఇళ్ళకి పోయారయ్యా. నీ కోసమే కూచున్నా.”

ఉండను తడుముకున్నాను. నాతోనే ఉంది.

“అయితే వచ్చే పందెంలో నాకూ చోటుంచు నత్తమ్మా. ఈసారి వాళ్ళ మొహాలు నాకు కనపడాలి.”