గుమ్మం ముందు బూట్లు

శ్యామ్‌సుందర్ ఆ ఇంటి ముందు కారాపాడు.

వెనక సీట్లో కృష్ణమూర్తి, నళిని. అమెరికాకి, ఈ ట్రాయ్ ఊరికి వచ్చి వారం కాలేదు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు ఇండియన్ స్టోరు, ఆ తరవాత ఈ ఇల్లు చూపించడం శ్యామ్‌సుందర్‌కి ఐదేళ్ళుగా రివాజు.

"ఆ తెల్ల తలుపు చూశారూ? దాని వెనకే పడి ఉంది డోరతీ. డెబ్భై ఎనిమిది ఫిబ్రవరి. పేపర్లన్నీ నెల్లాళ్ళు ఇదే గోల. కట్టుకున్న పెళ్ళాన్ని, ఫైర్‌ప్లేస్ కడ్డీతో!"

"అయ్య బాబోయ్! పోదాం పదండన్నయ్యగారూ" అంది నళిని.

"ఆగమ్మా, అసలు హీరో ఇంకా రాలేదు. ఆ మొగుణ్ణి పట్టించిందెవరనుకున్నారు? మీ డ్రైవరే!"

నిజమే. అప్పట్లో శ్యామ్‌సుందర్ వాళ్ళది పక్కిల్లే. హత్య జరిగిన రోజు మధ్యాహ్నం. డోరతీ ఆపిల్‌తో చేసిన స్వీటు పెట్టిచ్చిన గిన్నె తిరిగిచ్చేయాలి. ఖాళీ గిన్నె పంపితే ఏం బాగుంటుందని వసుమతి దాన్నిండా పులిహోర పెట్టి మొగుణ్ణి తోలింది. శ్యామ్‌సుందర్ బెల్లు కొట్టాడు. ఎవరూ తియ్యలేదు. గరాజ్ మూసి ఉంది, లోపల కారుందో లేదో తెలీదు. గుమ్మం ముందు డోరతీ మొగుడు ఫ్రాంక్ బూట్లున్నాయి. మొగుడూ పెళ్ళాలు అలకల్లో ఉన్నారు కాబోలని నవ్వుకుని, గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నమంతా దూరంగా గడ్డకట్టిన చెరువు మీద, మంచుకి కన్నం పెట్టి ఒక్కణ్ణే చేపలు పడుతున్నానని ఫ్రాంక్ మొత్తుకున్నాడు. చూసిన నాథుడు లేడు.

కోర్టులో శ్యామ్‌సుందర్‌ని అడిగారు, ఫ్రాంక్ ఇంట్లో ఉన్నాడా అని.

"ఉన్నాడు. కిటికీలోంచి చూశాను" అన్నాడు.

అబద్ధమని అతనికి అనిపించనే లేదు. గుమ్మం ముందు జోళ్ళుంటే లోపల మనిషి ఉన్నట్టే. జోళ్ళు చూస్తే మనిషిని చూసినట్టే. కిటికీ అంటారా, కథకి కాస్త పోపు. ఫ్రాంక్‌కి యావజ్జీవం పడింది.

"బూట్లు చూసి హంతకుణ్ణి పట్టేశారన్నమాట! మీకు పోలీసుద్యోగం ఇవ్వాల్సింది గురూ గారూ" అన్నాడు కృష్ణమూర్తి, కథంతా విని.

ముందు సీట్లోంచి శ్యామ్‌సుందర్ కూతురు రేణు నోరు తెరిచింది. పన్నెండేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. "డాడీ, వీళ్ళు షూస్ బయట విప్పరు కదా. మా ఫ్రెండ్ కేథీ వాళ్ళు షూస్‌తోనే సోఫా ఎక్కుతారు. ఓల్డ్ బూట్స్ అయితే పోర్చ్ మీద ఆల్వేస్ ఉంటయ్."

శ్యామ్‌సుందర్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే వీధి పొడుగునా చూశాడు. ఏడిళ్ళ గుమ్మాల ముందు, పోర్చీల మీద బూట్లున్నాయి. ఆదివారం కదా, ఆ ఏడిళ్ళ వాళ్ళూ చర్చికి పోయి ఇంకా రాలేదు.

నవ్వు ఆగిపోయింది.

మర్నాడే లాయరు దగ్గరికి పరిగెత్తాడు. లాయరు తల పట్టుకున్నాడు. "ప్రమాణం చేసి అబద్ధమాడానని ఒప్పుకుంటావా? అతను బయటికొచ్చేలోపు నువ్వు లోపలికి పోతావు."

"మీ నోటికో దణ్ణం" అని ఏడ్చింది వసుమతి. "ఇప్పుడైనా మూసుకుని కూచోండి. పిల్లదాని మొహం చూడండి."

"ఆ పిల్లేగా చెప్పింది, వసూ."

ఆ వారమే జైలుకెళ్ళాడు. అద్దానికి అవతల ఫ్రాంక్. జుట్టంతా నెరిసింది. ఫోన్లో శ్యామ్‌సుందర్ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఫ్రాంక్ ఫోను చెవికి నొక్కుకున్నాడు. "నన్ను నిజంగా చూడలేదా?"

"లేదు. నీ బూట్లే చూశాను."

ఫ్రాంక్ కళ్ళు మూసుకున్నాడు. "అయితే ఆ మాట జడ్జికి చెప్పు" అన్నాడు.

చెప్పాడు. ఎవరు వింటారు? మొదటి పిటిషన్ కొట్టేశారు. రెండోదీ కొట్టేశారు. ఐదేళ్ళ తరవాత మాట మార్చిన సాక్షి మాటకి విలువేమిటన్నారు. మొదటి మాటే నిజమన్నారు కనక అతన్ని లోపలా వెయ్యలేదు. సిటిజన్‌షిప్ అప్లికేషన్ వెనక్కొచ్చింది. కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం ఊడింది. తెలుగువాళ్ళ ఫంక్షన్లకి అతను వస్తే మాటలు ఆగిపోయేవి. ఒకప్పుడు పెళ్ళికొడుకు కాఫీలో ఉప్పు కలిపినవాడు, పంతులుగారి చెప్పులు ఫ్రిజ్‌లో దాచినవాడు, నాలుగేళ్ళపాటు ఒక్క జోకు వెయ్యలేదు. కళ్ళు మూస్తే గుమ్మం ముందు బూట్లు. ఒక అమాయకుణ్ణి బతికుండగానే పాతిపెట్టాడు. తవ్వి తీద్దామంటే మట్టి కదలడం లేదు.

నెలకోసారి జైలుకి వెళ్ళడం మాత్రం మానలేదు. ఫ్రాంక్ ఎప్పుడూ తిట్టలేదు. ప్రతిసారీ వెళ్ళబోయే ముందు ఒక్కటే అడిగేవాడు. "మళ్ళీ మాట మార్చవు కదా, శ్యామ్?"

"నా కూతురి మీద ఒట్టు" అనేవాడు ఇతను.

ఎనభై ఏడులో కొత్త జడ్జి వచ్చాడు. పాత ఫైలు మళ్ళీ తీయించాడు. శ్యామ్‌సుందర్ మాట తీసేస్తే అందులో ఇంకే సాక్ష్యమూ లేదని తేల్చాడు. శిక్ష రద్దు.

విడుదల రోజు మంచు కురుస్తోంది. జైలు గేటు దగ్గర శ్యామ్‌సుందర్, వసుమతి రెండు గంటలు నిలబడ్డారు. ఫ్రాంక్ చిన్న సంచీ పట్టుకుని ఒంటరిగా బయటికొచ్చాడు. అతని కోసం ఇంకెవరూ రాలేదు.

"పద, మా ఇంట్లో భోజనం" అన్నాడు శ్యామ్‌సుందర్, కళ్ళు తుడుచుకుంటూ. "మా ఆవిడ వంట తిన్నాక జైలు తిండే నయమంటావేమో, ముందే చెబుతున్నా!"

"సిగ్గులేదు మీకు" అంది వసుమతి. నాలుగేళ్ళ తరవాత మొగుడి నోట జోకు విని ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

ఫ్రాంక్ కూడా నవ్వాడు. సంచీ మంచులో పెట్టి శ్యామ్‌సుందర్‌ని గట్టిగా కౌగలించుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినపడకుండా అన్నాడు:

"నువ్వు మొదట చెప్పిందే నిజం, శ్యామ్, ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను."