మచ్చలేని బొమ్మ

"ఇంకో అరగంట ఆపుకోండి అంకుల్. మూత్రపు సంచి నిండితేనే గోడలు సాగుతాయి. అప్పుడే లోపల ఏముందో బొమ్మలో కనబడుతుంది," అంది స్కానింగ్ అమ్మాయి.

మేస్త్రి తల ఊపాడు. లీటరు నీళ్ళు తాగి గంటయింది. బెంచీ మీద కాలు మీద కాలు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. పక్కన కూర్చున్న భార్య లేచి బాత్రూంకి వెళ్ళొచ్చింది. అది మూడోసారి.

"నా బదులు నువ్వు వెళ్ళొస్తున్నావా ఏంటే?"

"మీ అవస్థ చూస్తుంటే నాకొస్తోంది. మాట్లాడకుండా కూర్చోండి."

అతను రంగుల ఫ్యాక్టరీలో పొడులు కలిపే మేస్త్రి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. సాయంత్రం అతని చొక్కా నానబెడితే బకెట్లో నీళ్ళు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పసుపుగా మారేవి. ఆ చొక్కాలు ఉతికి ఉతికి ఆమె గోళ్ళకు కూడా ఆ రంగు పట్టేసింది.

ఆ పొడుల వల్ల మూత్రపు సంచిలో గడ్డలు లేస్తాయని ఫ్యాక్టరీవాళ్ళకు తెలుసు. అందుకే ఆర్నెల్లకోసారి తన వంతు వచ్చిన రోజున ప్రతి పనివాడూ ఇంట్లోనే సీసాలో మూత్రం పట్టి తేవాలి. తేడా వస్తే మర్నాటి నుంచి పని లేదు. అలా పని పోయినవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళలో ఇద్దరే బతికున్నారు.

ఈసారి తేడా మేస్త్రి సీసాలో వచ్చింది.

పెద్ద డాక్టరు నాన్చలేదు. "ఈ రకం కణాలు ఇన్ని కనబడ్డాయంటే గడ్డ బాగా లోతుకి దిగినట్టే. దాచి లాభం లేదు, ఒక ఏడాది అనుకోండి."

"కోసి తీసేస్తే?" అని అడిగింది ఆమె.

"కోసినా మళ్ళీ వస్తుందమ్మా. ఎక్కడుందో చూస్తే కనీసం నొప్పి తగ్గించవచ్చు."

ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. పదిహేను రోజుల్లో బట్టలు వదులయ్యాయి. "జబ్బు నాకైతే చిక్కిపోయేది నువ్వా?" అని మేస్త్రి విసుక్కున్నాడు.

తను పోయాక పింఛను కాగితాల మీద వేలిముద్ర వేయడం నామోషీ అని, ఆమెకు సంతకం నేర్పబోయాడు. ఆమె పలక పక్కన పెట్టేసింది. "నాకెందుకులెండి ఈ వయసులో. మీరే ఇటు రండి, బియ్యంలో నీళ్ళెన్ని పోయాలో చూడండి."

"పోయేవాడికి వంటెందుకే?"

"పోయేదాకా తినాలిగా."

అరగంటయ్యాక స్కానింగ్ అమ్మాయి పిలిచింది. పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి, పరికరం అటూ ఇటూ నొక్కి చూసింది. తెర మీద నల్లటి గుండ్రం. అంచు నున్నగా ఉంది. ఆ అమ్మాయి కనుబొమలు ముడిచి మళ్ళీ మొదటి నుంచి వెతికింది. మేస్త్రి భార్య తెరవైపే చూస్తోంది.

ఇంకా పెద్ద మిషను కిందికి పంపారు. చేతికి సూది గుచ్చి రంగుమందు ఎక్కించారు. "రంగులు మాకు కొత్తా తల్లీ," అన్నాడు మేస్త్రి. ఎవరూ నవ్వలేదు. చివరికి సన్నటి గొట్టంతో కెమెరా కూడా లోపలికి పంపి చూశారు.

మర్నాడు డాక్టరు ఆ బొమ్మలన్నీ దీపం పలక మీద వరసగా తగిలించారు.

"ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదు. ఇక్కడ మేం పట్టించిన మూత్రమూ శుభ్రంగానే ఉంది. మీకు ఏ జబ్బూ లేదు మేస్త్రి గారూ."

మేస్త్రి కుర్చీ ముందుకు జరుపుకుని ఆ బొమ్మలకేసి చూశాడు. ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

"మరి ఆ సీసా?" అన్నాడు మేస్త్రి.

"అదే అంతుబట్టడం లేదు. సీసాలు తారుమారయ్యాయేమోనని ల్యాబుకు ఫోన్ చేశాను. ఆ రోజు వచ్చింది మీదొక్కటేనట."

"వాళ్ళే ఏదో పొరపాటు పడుంటారు. వదిలేయండి డాక్టరు గారూ," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"రెండుసార్లు చూశారమ్మా. ఆ కణాలు నిజం. ఎవరి ఒంట్లోనో ఉన్నాయి."

"ఎవరి ఒంట్లో ఉంటే ఏం, ఈయన ఒంట్లో లేవుగా."

భర్త చెయ్యి పట్టుకుని లేపింది. మేస్త్రి మెట్లు దిగుతూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. రేపే డ్యూటీలో చేరతానంటున్నాడు. ఆమె సరేనంటోంది.

అతని పని పోకూడదని పదకొండేళ్ళుగా, అతను పట్టి పెట్టిన మూత్రాన్ని అతనికి తెలియకుండా పారబోసి, అదే సీసాలో తనది నింపి పంపుతున్నది ఆమే.