నీలం జట్టు ఓడిన రోజు

“అక్కా, టార్చి కాస్త ఇటు పట్టు,” అంటూ తమ్ముడు టీవీ తెర కింది మూలన నల్లటి టేపు ముక్క అంటించాడు. అతను టీవీ మెకానిక్. “తేదీ పడేది ఇక్కడే.”

“మీ బావ కనిపెట్టేస్తేనో?”

“ఎలా కనిపెడతాడు? ఈ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది నా పెళ్ళి రోజున. డ్యూటీ పడిందని బావ పెళ్ళికే రాలేదు. బస్సు నడిపేవాడు మ్యాచ్ ఎక్కడ చూస్తాడు?”

“తర్వాత పేపర్లో చదివి ఉంటే?”

“చిన్న ఊళ్ళ జట్ల పోటీ అక్కా, ఏ పేపరు వేస్తుంది? మా షాపులో మూలపడ్డ డిస్కులో దొరికింది. నీలం జట్టు చివర్లో ఓడిపోతుంది. పందెం మనదే.”

అయినా అక్కకి నమ్మకం కుదరలేదు. కూతురికి ఈ మధ్యే ఆడపిల్ల పుట్టింది. నాన్న కరోనా టీకా వేయించుకునేదాకా పాపని ఎత్తుకోవడానికి వీల్లేదని కూతురు తెగేసి చెప్పింది. డ్రైవరు రోజూ డ్యూటీ దిగి వెళ్ళి, కిటికీ అద్దానికి ఇవతల నిలబడి, మనవరాలికి వేళ్ళు ఆడించి వస్తున్నాడు. ఇంటికొచ్చాక అన్నం కూడా సరిగా తినడు. టీకా మాటెత్తితే మాత్రం ఇంతెత్తున లేస్తాడు. అంత తొందరగా ఎలా తయారుచేశారు? జ్వరమొస్తే బస్సు ఎవడు నడుపుతాడు? డిపోలో బల్ల గుద్ది మరీ చెప్పాడు, ప్రాణం పోయినా సూది వేయించుకోనని. డిపో అంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లే కొంప ముంచాయని ఆవిడ గొణుగుడు.

డ్రైవరు వచ్చాడు. మాస్కు మేకుకి తగిలించి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, టీవీ ముందు కూర్చున్నాడు.

“బావా, ఇవాళ మీ నీలం జట్టు ఓడితే సూది వేయించుకుంటావా?”

“గెలిస్తే?”

“ఇక టీకా ఊసెత్తం. అక్క కూడా నోరు మూసుకుంటుంది.”

“మీ అక్క నోరు మూసుకుంటుందా? అయితే కట్టాల్సిందే పందెం!”

ఆట మొదలైంది. డ్రైవరు కళ్ళు చిట్లించాడు.

“ఆ మూలన నలుపేమిటోయ్?”

“తెర పాడైంది బావా, మార్చాలి.”

“జనాన్ని రానివ్వడం లేదన్నారు. ఇంతమంది ఎక్కణ్నుంచి ఊడిపడ్డారు?”

“కంప్యూటర్ బొమ్మలు బావా. గ్రౌండు బోసిపోకుండా పెడుతున్నారు.”

“ఔరా! మరి ఆ గోల్‌కీపర్ ఆట మానేశాడని విన్నానే?”

“మళ్ళీ వచ్చాడు. కరోనా కదా, మనుషులు దొరకట్లేదు.”

“పాపం,” అన్నాడు డ్రైవరు. ఇంత గట్టి మనిషి ఇంత తేలిగ్గా బుట్టలో పడతాడని భార్య అనుకోలేదు. నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది.

అంతలో నీలం జట్టు గోలు కొట్టింది. కెమెరా జనం మీదకి తిరిగింది. మొహమంతా నీలిరంగు పూసుకున్న ఒకడు చొక్కా విప్పి గిరగిరా తిప్పుతూ కుర్చీ మీద గంతులేస్తున్నాడు.

“ఏం కోతి వేషాలమ్మా ఇవి! వీడి పెళ్ళాం ఎలా భరిస్తోందో!” అంది ఆవిడ.

డ్రైవరు లేచి, సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబడి, గ్లాసెడు నీళ్ళు తీరిగ్గా తాగాడు.

“బావా, అడ్డు!”

“దాహమేసిందోయ్. అయినా కంప్యూటర్ బొమ్మకి పెళ్ళామేమిటే?”

ఆవిడ నాలుక కరుచుకుంది. తమ్ముడు గుడ్లురిమి చూశాడు. అదృష్టం బాగుండి డ్రైవరు మళ్ళీ ఆటలో పడిపోయాడు.

చివర్లో తెల్ల జట్టు వెంటవెంటనే రెండు గోల్స్ కొట్టింది. డ్రైవరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

“అన్యాయం! అక్షరాలా అన్యాయం!”

“పందెం బావా...”

“గుర్తుంది లేవోయ్. మాటంటే మాటే. రేపే వేయించుకుంటా.”

“మరి డిపోలో అడిగితే?” అంది భార్య భయంభయంగా.

“పందెంలో ఓడాను, ఏం చెయ్యమంటారంటాను. ఇచ్చిన మాట తప్పమని ఎవడూ అనడుగా!” ఓడిపోయినవాడి గొంతు అంత హుషారుగా ఉండటం ఆవిడకి వింతగానే తోచింది. అయినా ఆ సంతోషంలో పట్టించుకోలేదు.

మర్నాడు టీకాలు వేసే చోట నర్సు అతన్ని చూడగానే నవ్వింది.

“మీరా! రోజూ వచ్చి ప్రశ్నలతో నా బుర్ర తినేశారుగా. ఇప్పటికి తీరాయా అనుమానాలు?”

“పందెం ఓడిపోయానమ్మా,” అన్నాడు డ్రైవరు గట్టిగా దగ్గి.

“ఈవిడతో కూడా గొడవ పెట్టుకున్నారన్నమాట,” అని అక్క తమ్ముడి చెవిలో గొణిగింది.

రెండో సూది కూడా పడి, చెప్పిన గడువు తీరాక, కూతురు పాపని తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. పాప అతని మీసం పట్టుకుని లాగింది. డ్రైవరుకి కళ్ళు చెమర్చాయి. ఆ బరువు చేతుల్లోకి వచ్చాక అతనికి ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

కూతురు పాపకి బట్టలు తేవడానికి వెళ్ళింది. వంటింట్లోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

“ఉత్త అమాయకుడురా మీ బావ. బొమ్మలంటే నమ్మేశాడు!”

“మెల్లగా అక్కా. ఆ మ్యాచ్ పాతదని బావకి ఎప్పటికీ తెలియకూడదు.”

డ్రైవరు అటూ ఇటూ చూసి, మనవరాలి చెవి దగ్గరకి వంగాడు.

“తల్లీ, ఆ నీలిరంగు మొహం మీ తాతదే.”