బీరు పోసినా చావని కెమెరా

నేల మీద నీలం పట్టా. దాని మీద పాత కుళాయిలు, చేతుల్లేని బొమ్మలు, వాటి మధ్య కెమెరాలు.

ఎల్ ఆల్తో నగరంలో గురువారం సంత. ఇసుక వేస్తే రాలనంత జనం.

"ఒక గొర్రెని అమ్మి వచ్చాను. గొర్రె ధరకి వచ్చే కెమెరా చూపించు," అంది యూసేబియా.

అమ్మేవాడు ఫ్రొయిలాన్ నవ్వాడు. కొనవచ్చిన ఆడవాళ్ళంతా అతనికి 'కసేరా'లే. "ఎవరికి కసేరా, పిల్లకా?"

"నాకే. ఏం, నాకు కళ్ళు లేవా?"

పక్కనున్న కూతురు నెలిదా తల తిప్పుకుని నవ్వు దాచుకుంది.

నెలిదా ఊరేగింపుల్లో పెద్ద డోలు వాయిస్తుంది. ఆ బ్యాండుమేళంలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఊరేగింపుకు వచ్చే ఫోటోగ్రాఫర్లు తళుకుల బట్టలు వేసుకుని ఆడేవాళ్ళ కోసం ఎగబడతారు. వెనక మేళం వచ్చేసరికి కెమెరాలు దించేస్తారు.

దాంతో ఆడపడుచు తెయొదోసియా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

"నీ కూతురు డోలు వాయిస్తోందా, వాయించేవాళ్ళకి నీళ్ళు మోస్తోందా? ఒక్క ఫోటోలోనూ కనబడదేం వదినా?"

ఆ మాట యూసేబియాకు ముల్లులా గుచ్చుకుంది. ఆదివారమే ఊరేగింపు. ఈసారి ఫోటో తానే తీస్తుంది.

ఫ్రొయిలాన్ నల్లగా నిగనిగలాడే కెమెరా ఒకటి అందించాడు. "మెగాపిక్సెల్స్ దండిగా ఉన్నాయి. పెళ్ళిళ్ళకి కూడా పనికొస్తుంది."

"నడువే," అంది యూసేబియా.

నెలిదా డోలు మోస్తున్నంత ఠీవిగా నడిచింది. యూసేబియా మీట నొక్కింది. కెమెరా తీరిగ్గా ఆలోచించుకుని అప్పుడు క్లిక్‌మంది.

ఫోటోలో పేలాలమ్మే ముసలాయన పడ్డాడు.

"నా కూతురేదయ్యా?"

"అది కాస్త నెమ్మది కసేరా. పిల్లని నిలబడమను."

"నా కోసం మేళం నిలబడుతుందా?"

ఇంకొకటి ఇచ్చాడు. దాని మీటలు చీమ తలకాయలంత ఉన్నాయి. యూసేబియా బొటనవేలు ఒకేసారి మూడింటిని నొక్కింది.

"సరేగానీ, వీటి నెత్తిన బీరు పోయొచ్చా?"

ఫ్రొయిలాన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మా అమ్మ పోస్తుంది," అంది నెలిదా. "పోయినేడు కొత్త ఫోనుకి పోసింది. పచమామకి నాలుగు చుక్కలు, ఫోనుకి సగం సీసా. అది మళ్ళీ మోగితే ఒట్టు."

"కొత్త వస్తువుని పొడిపొడిగా ఇంటికి తీసుకుపోతారటే ఎవరైనా? భూతల్లి పచమామకి కోపం రాదూ?"

ఫ్రొయిలాన్ నిట్టూర్చి సంచి అడుగు నుంచి ఒక కెమెరా తీశాడు. లావుగా, నారింజ రంగులో, పిల్లల ఆటవస్తువులా ఉంది.

"నీళ్ళలో ఈదేవాళ్ళ కోసం చేసింది. కిందపడ్డా పగలదు. అందం మాత్రం అడక్కు."

"అందం నా కూతురికుందిలే. దీనికెందుకు?"

నెలిదా మళ్ళీ నడిచింది. ఈసారి తల నుంచి కాళ్ళ దాకా పడింది.

బేరం తెగింది. యూసేబియా తన మూటలోంచి బీరు సీసా తీసి మూత లేపింది. ముందు నేలకు, ఆ తర్వాత కెమెరాకు. ఫ్రొయిలాన్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

నురగలోంచి చిన్న ఎర్రదీపం మిణుక్కుమంది.

"బతికే ఉంది!" అని నెలిదా సంతంతా వినబడేలా అరిచింది.

ఆదివారం వీధికి అటూ ఇటూ కుర్చీలు వేశారు. యూసేబియా పక్క కుర్చీలోనే తెయొదోసియా కూర్చుంది.

ఆడేవాళ్ళు వెళ్ళిపోయారు. ఫోటోగ్రాఫర్లు కెమెరాలు దించారు. యూసేబియా అప్పుడు ఎత్తింది.

బాకాలు వచ్చాయి. తాళాలు వచ్చాయి. వాటి వెనక డోలు, డోలు వెనక నెలిదా.

"నెలిదా! ఇటు! అమ్మని చూడవే!"

వీధిలో సగం మంది చూశారు. నెలిదా చూడలేదు.

ఆ డోలు దెబ్బ ఒక్కటి తప్పితే ముందు ఆడేవాళ్ళ అడుగులన్నీ తప్పుతాయి. ఆమె చూపు మేళం నడిపించే పెద్దాయన చేతి మీదే ఉంది. దెబ్బ పడినప్పుడల్లా కుర్చీలు అదురుతున్నాయి.

యూసేబియాకు గర్వంతో కళ్ళు మసకబారాయి. అయినా మీట వెతుక్కుని నొక్కింది.

తెయొదోసియా ఒంగి కెమెరాలో ఫోటో చూసింది. పెద్ద డోలు, పైకి లేచిన చెయ్యి, బిగించిన పెదాలు. నీళ్ళు మోసే మాట ఇక ఎత్తలేదు. అలాగని ఊరుకోనూ లేదు.

"కన్నతల్లి అంతగా పిలిచినా నీ వైపు చూడనే లేదు కదా వదినా."

"చూడదు," అంది యూసేబియా, కెమెరాను శాలువాతో తుడుస్తూ. "పనిలో ఉంది."